ట్యాంక్‌లో కొత్త లోచ్‌లు కలపడం ఎలా: చెన్నై నీళ్లలో, చెన్నై ఎండల్లో

“రెండు లోచ్‌లున్నాయి. పగలంతా రాయి కిందే ఉంటాయి. ఇంకో నాలుగు తెచ్చి వేస్తే బయటికొస్తాయా?” చెన్నైలో ట్యాంక్ పెట్టుకున్న మనవాళ్లు ఎక్కువగా అడిగేది ఇదే. వస్తాయి. లోచ్ గుంపులో బతికే చేప. ఒకటో రెండో ఉంటే బెదిరిపోయి దాక్కుంటుంది, ఐదారు దాటితే ధైర్యంగా తిరుగుతుంది. కానీ చేపల దుకాణాలుండే కొళత్తూరులో కొని, కవర్‌లో తెచ్చి, ఆ సాయంత్రమే ట్యాంక్‌లో వదిలేస్తే పది రోజుల్లో కొత్తవాటితోపాటు పాతవీ పోవడం మామూలే. చేప కొనడానికి అరగంట చాలు. జబ్బు లేదని తేలేదాకా దాన్ని విడిగా ఉంచే టబ్బు సిద్ధం కావడానికి మూడు వారాలు పడుతుంది. అందుకే ముందు టబ్బు, తర్వాతే చేప.

ముందు తేల్చుకోవాల్సినవి

మీ దగ్గర ఏ రకం ఉందో మళ్లీ ఆ రకమే తేవాలి. రెండు క్లౌన్ లోచ్‌లకు నాలుగు యోయో లోచ్‌లు కలిపితే ఆరు చేపలవుతాయి గానీ ఆరింటి గుంపు కాదు. పైగా యోయోలు దూకుడు చేపలు, చిన్న క్లౌన్‌లను మేత దగ్గరికి రానివ్వవు.

ట్యాంక్ సైజు విషయంలో మొహమాటపడొద్దు. క్లౌన్ లోచ్ దుకాణంలో రెండంగుళాలే ఉంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ 20 సెంటీమీటర్లు దాటుతుంది, కొన్ని అడుగు దాకా పోతాయి. ఆరు క్లౌన్‌లకు చివరికి ఆరడుగుల ట్యాంక్ (72×24×24 అంగుళాలు, సుమారు 680 లీటర్లు) కావాలి. యోయో 12 నుంచి 15 సెంటీమీటర్ల దగ్గర ఆగుతుంది కాబట్టి ఆరింటికి నాలుగడుగుల ట్యాంక్ (48×18×18, సుమారు 255 లీటర్లు) సరిపోతుంది. మీది మామూలు రెండడుగుల ట్యాంక్ (24×12×12, 56 లీటర్లు) అయితే కూలీ లోచ్‌లు తప్ప వేరే ఆలోచన వద్దు. అవి సన్నగా పాములా 8–10 సెంటీమీటర్లే పెరుగుతాయి, ఆరు హాయిగా ఉంటాయి.

డోజో లోచ్, హిల్‌స్ట్రీమ్ లోచ్ చల్లటి నీళ్ల చేపలు. ఏప్రిల్, మే నెలల్లో మన ఫ్లాట్లలో ట్యాంక్ నీళ్లు 31, 32 డిగ్రీలకు చేరతాయి. నీళ్లు చల్లబరిచే చిల్లర్ లేకుండా వాటిని పెంచాలనుకోవడం చేపను హింసించడమే. జీబ్రా లోచ్‌కూ ఇంత వేడి పడదు. అది సహ్యాద్రి వాగుల్లో తప్ప ఎక్కడా లేని చేప, అంతరించే ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో ఉంది. దుకాణంలో కనిపించినా వదిలేయండి.

నత్తలు పెరిగిపోయాయని లోచ్‌లు తెస్తామంటారు కొందరు. నత్తలు పెరిగేది మిగిలిపోయిన మేత వల్ల. మేత తగ్గించండి.

కావలసినవి

– 50–60 లీటర్ల ప్లాస్టిక్ టబ్బు, కొత్తది. బట్టల సబ్బు తగిలిన బకెట్ పనికిరాదు.
– స్పాంజ్ ఫిల్టర్, ఎయిర్ పంప్. కరెంటు పోతే పనిచేసే బ్యాటరీ పంప్ ఒకటి.
– ఒకటిన్నర, రెండంగుళాల పీవీసీ పైపు ముక్కలు, చేపకు ఒకటి చొప్పున, పైన రెండు అదనం. కోసిన అంచులను గరుకు కాగితంతో నున్నగా రుద్దండి.
– థర్మామీటర్, 50 లేదా 100 వాట్ల హీటర్. చెన్నైలో హీటర్ దేనికంటే, జబ్బు వస్తే మందు కంటే ముందు పనికొచ్చేది అదే.
– చేపల వ్యర్థాల వల్ల నీళ్లలో చేరే అమోనియా, నైట్రైట్, నైట్రేట్ చూసే చుక్కల కిట్.
– టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు) కొలిచే మీటర్. ఆర్వో నీళ్లు చూడటానికి కొన్నదే చాలు.
– యాంటీ క్లోరిన్.
– ఎయిర్ ట్యూబ్ రెండు మీటర్లు, మూత ఉన్న పారదర్శక డబ్బా ఒకటి. వల వాడొద్దు, ఎందుకో 4వ మెట్టులో ఉంది.
– టబ్బుకు మూత లేదా దోమతెర గుడ్డ. లోచ్‌లు ఎగురుతాయి.

మెట్లు

1. పాత ట్యాంక్‌ను చూడండి

మీ రెండు లోచ్‌లు ఒకప్పుడు ఆరైతే మిగతా నాలుగు ఎందుకు పోయాయో తెలియాలి. గత నాలుగు వారాల్లో ఏ చేపైనా చనిపోయి ఉంటే కొత్తవి ఇప్పుడే వద్దు. అమోనియా 0, నైట్రైట్ 0, నైట్రేట్ 30 లోపు ఉండాలి. టీడీఎస్ రాసి పెట్టుకోండి.

ఉష్ణోగ్రత రెండుసార్లు చూడండి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి. ట్యాంక్ పడకగదిలో ఉండి రాత్రంతా ఏసీ నడిస్తే పగలు 31, తెల్లారేసరికి 26 అవుతుంది. రోజూ ఐదు డిగ్రీల ఊగిసలాట లోచ్‌ను నీరసపరుస్తుంది, తెల్లచుక్కల జబ్బు అలాంటి చేపకే పట్టుకుంటుంది. హీటర్‌ను 28 దగ్గర పెడితే రాత్రి పడిపోవడం ఆగుతుంది, లేదంటే ట్యాంక్‌ను హాల్లోకి మార్చండి.

ఇక ఇసుక. లోచ్ మీసాలతో అడుగును కెలుకుతూ తింటుంది. ఇప్పుడు ఎక్కడ చూసినా దొరికేది ఎం-శాండ్, అంటే రాయిని పిండి చేసినది. ఒక్కో రేణువుకూ పదును ఉంటుంది. గుప్పెట్లో పట్టి గట్టిగా నలపండి, గుచ్చుకుంటే అది మీసాలను అరగదీసే ఇసుక. జల్లించి కడిగిన ఏటి ఇసుకో, గుండ్రటి సన్న గులకలో వేయండి. బీచ్ ఇసుక తేవొద్దు, అందులో గవ్వల పొడి ఉండి నీళ్ల కాఠిన్యాన్ని (కరిగిన కాల్షియం లాంటి లవణాలను) పెంచుతుంది.

ఫిల్టర్ నీళ్లు పీల్చే గొట్టానికి స్పాంజ్ తొడగండి. కూలీ లోచ్‌లు ఆ సందులోంచి ఫిల్టర్ లోపలికి దూరిపోతాయి.

2. స్పాంజ్ ఫిల్టర్‌ను మూడు వారాల ముందే పాత ట్యాంక్‌లో నడపండి

అమోనియాను తినే బ్యాక్టీరియా స్పాంజ్‌లో చేరడానికి ఆ సమయం కావాలి. కొత్త స్పాంజ్‌ను నేరుగా టబ్బులో పెడితే మూడో రోజుకే అమోనియా కనిపిస్తుంది. సమయం లేదంటే పాత ఫిల్టర్ లోపలి స్పాంజ్‌ను ఆ ట్యాంక్ నీళ్లలోనే (కుళాయి నీళ్లలో కాదు) కొత్త స్పాంజ్ మీద పిండండి. పూర్తిగా కాకపోయినా కొంత పనవుతుంది.

3. టబ్బు నింపండి

పాత ట్యాంక్ నీళ్లు మార్చేటప్పుడు తీసినవాటినే టబ్బులో పోయండి, 40 లీటర్లు. దీంతో టబ్బు నీళ్లు, ట్యాంక్ నీళ్లు ఒకటే అవుతాయి. నెల తర్వాత చేపను మార్చేటప్పుడు మళ్లీ అలవాటు చేసే పని ఉండదు.

చెన్నైలో ఇది ఇంకా ముఖ్యం. అపార్ట్‌మెంట్ సంపులో మెట్రో వాటర్, బోరు, లారీ నీళ్లు మూడూ కలుస్తాయి. వాటి పాళ్లు వారం వారం మారతాయి కాబట్టి కుళాయి ఒకటే అయినా నీళ్లు ఒకటే కావు. ఈ నాలుగు వారాలూ ట్యాంక్‌కీ టబ్బుకీ ఒకే రోజు, ఒకే డ్రమ్ములో పట్టి యాంటీ క్లోరిన్ కలిపిన నీళ్లే వాడండి. పట్టిన ప్రతిసారీ టీడీఎస్ చూడండి. బోరు పాలు ఎక్కువై అంకె బాగా పెరిగితే ఆర్వో నీళ్లు కలిపి పాత అంకె దగ్గరికి తెండి. ఆవిరై తగ్గిన నీళ్ల స్థానంలో మాత్రం ఆర్వో నీళ్లే పోయాలి, బోరు నీళ్లతో నింపుతూ పోతే లవణాలు పేరుకుపోతాయి.

టబ్బు అడుగున ఇసుక వద్దు. అడుగు ఖాళీగా ఉంటే మలం కనిపిస్తుంది, మిగిలిన మేతా కనిపిస్తుంది.

4. దుకాణంలో చేపను ఎంచుకోవడం

ఉదయం పూట వెళ్లండి. ఆదివారం సాయంత్రం కొళత్తూరు రద్దీలో ఎవరూ మీకు తాపీగా చేప చూపించరు. సరుకు ఎప్పుడొచ్చిందో అడగండి. నిన్ననే వచ్చిందంటే వారం ఆగి రండి. ఆ వారంలో పోయేవి అక్కడే పోతాయి.

చేపను పక్కనుంచి కాదు, పైనుంచి, ముందునుంచి చూడండి. తల వెడల్పుగా ఉండి వెనక వీపు కత్తి అంచులా సన్నబడితే పొట్టలో పురుగులున్నట్టే లెక్క. క్లౌన్ లోచ్‌ల్లో ఇది చాలా ఎక్కువ. రెక్కల చివర తెల్లచుక్కలు, మూసుకున్న రెక్కలు, వేగంగా కొట్టుకునే మొప్పలు కనిపిస్తే ఆ ఒక్క చేపే కాదు, ఆ గాజు పెట్టెలో ఏదీ వద్దు. మేత వేయమనండి. తినేదాన్నే కొనండి.

మీ పాత లోచ్‌ల సైజుకు దగ్గరగా ఉన్నవి తీసుకోండి. 15 సెంటీమీటర్ల క్లౌన్ పక్కన నాలుగు సెంటీమీటర్ల పిల్లకు మేత దక్కదు. అన్నీ ఒకేసారి కొనాలి. నెలకొకటి చొప్పున తెస్తే ప్రతి కొత్తదీ గుంపు మొత్తానికీ ఒంటరిగా దొరుకుతుంది.

పట్టేటప్పుడు దగ్గరే ఉండండి. లోచ్ కంటి కింద రెండు మొనల ముల్లు ఉంటుంది. బెదిరితే దాన్ని బయటికి తెరిచి బిగించేస్తుంది, వలలో చిక్కుకుంటుంది. డబ్బాతో పట్టమని అడగండి. వలలో చిక్కితే లాగనివ్వొద్దు, వల దారాన్ని కత్తిరించాలి. ఇదే ముల్లు కవర్‌ను కూడా చీలుస్తుంది కాబట్టి రెండు కవర్లు, ఒకదానిలో ఒకటి, కింది మూలలకు రబ్బరు బ్యాండ్లు కావాలి. మూల మడతలో ఇరుక్కున్న చేప ఊపిరాడక పోతుంది.

5. ఇంటికి తేవడం

మూడో వంతు నీళ్లు, మిగతా ఆక్సిజన్. కవర్‌ను థర్మాకోల్ పెట్టెలో లేదా తడిగుడ్డ చుట్టిన బకెట్‌లో పెట్టండి. బండి హ్యాండిల్‌కు తగిలించి ఎండలో తాంబరం దాకా వస్తే ఆ కొద్ది నీళ్లు ఎంత వేడెక్కుతాయో మీరే ఊహించుకోండి.

6. నీళ్లకు అలవాటు చేయడం

గదిలో లైట్లు తగ్గించి, మూతి విప్పకుండా కవర్‌ను 20 నిమిషాలు టబ్బులో తేలనివ్వండి. తర్వాత చేపల్ని వాటి నీళ్లతో సహా డబ్బాలోకి వంచి టీడీఎస్ కొలవండి.

టబ్బుకూ దీనికీ తేడా 100 లోపైతే పావుగంటకోసారి ఒక గ్లాసు చొప్పున టబ్బు నీళ్లు కలుపుతూ గంటలో ముగించండి. అంతకు మించితే ఎయిర్ ట్యూబ్ ఒక కొన టబ్బు నీళ్లలో, ఇంకో కొన టబ్బు కంటే కింద పెట్టిన డబ్బాలో ఉంచి, మధ్యలో ముడి వేసి, సెకనుకు రెండు మూడు చుక్కలు పడేలా బిగించి, డబ్బాలో నీళ్లు మూడింతలయ్యే దాకా ఆగండి. ఈలోగా డబ్బాకు మూత ఉండాలి. చివర చేపను మాత్రమే టబ్బులోకి జార్చండి, దుకాణం నీళ్లు పారబోయండి.

కొరియర్‌లో వచ్చిన చేపకు ఈ పద్ధతి వద్దు. రోజంతా మూసి ఉన్న కవర్‌లో అమోనియా, కార్బన్ డయాక్సైడ్ రెండూ పేరుకుని ఉంటాయి. విప్పగానే కార్బన్ డయాక్సైడ్ పోయి పీహెచ్ పెరుగుతుంది, అప్పటిదాకా పెద్దగా హాని చేయని అమోనియా విషమవుతుంది. గంటసేపు చుక్కలు వేస్తూ కూర్చుంటే చేప ఆ విషంలోనే ఉంటుంది. ఉష్ణోగ్రత కలిశాక కవర్ విప్పి వెంటనే టబ్బులోకి మార్చేయండి.

7. నాలుగు వారాలు విడిగా

మొదటి రోజు మేత వద్దు, వెలుతురు వద్దు. రెండో రోజు చీకటి పడ్డాక మునిగే గుళికలు నాలుగైదు, లేదా ఫ్రోజెన్ బ్లడ్‌వర్మ్ చిన్న ముక్క. బతికున్న ట్యూబిఫెక్స్ పురుగు చవకగా దొరుకుతుంది, కానీ మురికి నీళ్లలో పెరిగినది, జబ్బుల్ని వెంటబెట్టుకొస్తుంది. ఉదయం మిగిలినది గొట్టంతో పీల్చేయండి. మొదటి రెండు వారాలు రోజు విడిచి రోజు అమోనియా చూడండి. 0.25 కనిపించినా మూడో వంతు నీళ్లు మార్చండి.

పురుగుల మందు. వారం తిని కుదుటపడ్డాక లెవామిసోల్ ఇవ్వాలి, లీటరుకు 2 మిల్లీగ్రాములు. 40 లీటర్ల టబ్బుకు 80 మిల్లీగ్రాములు. 150 మిల్లీగ్రాముల మాత్ర దొరికితే పొడి చేసి 150 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి, గుడ్డలో వడగట్టి, 80 మిల్లీలీటర్లు టబ్బులో పోయండి. పశువుల మందుల దుకాణంలో దొరికే పొడి, ద్రావణం ఒక్కోటి ఒక్కో గాఢతలో ఉంటాయి, సీసా మీద అంకె చూసి లెక్క వేసుకోండి. మందు వెలుతురులో చెడుతుంది కాబట్టి 24 గంటలు టబ్బుకు నల్లగుడ్డ కప్పండి. ఫిల్టర్‌లో కార్బన్ ఉంటే తీసేయండి. 24 గంటలయ్యాక సగానికి పైగా నీళ్లు మార్చి, అడుగు శుభ్రంగా పీల్చండి. లేకపోతే బయటపడ్డ పురుగుల్ని చేప మళ్లీ తింటుంది. రెండు వారాలకు మళ్లీ ఒకసారి ఇవ్వాలి, మొదటిసారి గుడ్లుగా ఉన్నవి అప్పటికి పురుగులవుతాయి. తెల్లటి దారాల్లాంటి మలం పోయి మామూలు ముదురు రంగు మలం వస్తే, వీపు కండ పట్టడం మొదలైతే మందు పనిచేసినట్టు.

తెల్లచుక్కలు. ఉప్పురవ్వ చల్లినట్టు కనిపించిన రోజునే మొదలెట్టండి. హీటర్‌తో రోజుకు రెండు డిగ్రీలకు మించకుండా 30కి తీసుకెళ్లి, చివరి చుక్క పోయాక కూడా పది రోజులు అక్కడే ఉంచండి. వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ (25 డిగ్రీల దగ్గర లీటరుకు 8.3 మిల్లీగ్రాముల దాకా పట్టేది 30 దగ్గర 7.6కు పడిపోతుంది), అందుకే ఎయిర్ పంప్ పూర్తిగా తెరవండి. రెండు మూడు రోజుల్లో చుక్కలు తగ్గకపోతే మలకైట్ గ్రీన్ ఉన్న మందు, లేబుల్ మీదున్న దానిలో సగం మోతాదు. లోచ్‌ల పొలుసులు మరీ చిన్నవి, పూర్తి మోతాదు తట్టుకోలేవు. రాగి మందులు అసలే వద్దు. గుప్పెడు కల్లుప్పు వేస్తే సరిపోతుందని చెప్పేవాళ్లు ప్రతి వీధిలో ఉంటారు. రాళ్లుప్పు నేరుగా మీద పడితే లోచ్ చర్మం కాలుతుంది.

చివరి రెండు వారాల్లో ఏ జబ్బూ కనిపించకపోతేనే నాలుగు వారాలు పూర్తయినట్టు. మూడో వారంలో చుక్క కనిపిస్తే లెక్క మళ్లీ మొదటికి.

8. ట్యాంక్‌లో కలపడం

ఆ రోజు మధ్యాహ్నం ట్యాంక్‌లోని రాళ్లు, కొయ్యలు, పైపులు చోటు మార్చండి. పాతవాటి సొంత మూలలు చెరిగిపోతే, కాపలా కాయడానికి చోటు లేక అవి కొత్తవాటిని అంతగా తరమవు. దాక్కునే చోట్లు మొత్తం చేపల సంఖ్య కంటే రెండు ఎక్కువ ఉండాలి.

సాయంత్రం పాతవాటికి కడుపునిండా మేత వేయండి. అరగంట ఆగి లైట్ ఆపేసి, డబ్బాతో కొత్తవాటిని ఒకేసారి వదలండి. తర్వాత టార్చ్ వేసి వెతక్కండి. మర్నాడు మధ్యాహ్నం దాకా లైట్ వద్దు.

వానాకాలంలో, అంటే అక్టోబర్ చివర నుంచి డిసెంబర్ దాకా, బ్యాటరీ పంప్ లేకుండా ఈ పని పెట్టుకోవద్దు. 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుఫానుకు చెన్నైలో చాలా పేటల్లో రోజుల తరబడి కరెంటు లేదు. నిండుగా చేపలున్న ట్యాంక్ గాలి లేకుండా అంతసేపు ఆగదు.

9. కుదురుకున్నాయో లేదో చూడటం

మొదటి మూడు రోజులు తరుముకోవడం, పక్కపక్కన నిలబడి తోసుకోవడం ఉంటాయి. ఆ సమయంలో క్లౌన్, యోయో ఒంటి రంగు వెలిసి బూడిదరంగుకు తిరుగుతుంది. గంటలో తిరిగి వస్తే అది పెద్దరికం తేల్చుకునే గొడవ, అంతే. రోజంతా వెలిసి ఉంటే నీళ్లు పరీక్షించండి. టిక్ టిక్‌మని చప్పుడు వినిపిస్తే గాజు పగులుతోందని కంగారుపడొద్దు, మేత దగ్గరా పోట్లాటలోనూ లోచ్‌లు చేసే చప్పుడే అది. క్లౌన్ లోచ్ పక్కకు వాలి నిద్రపోతుంది. చచ్చిపోయిందని చెయ్యి పెట్టేముందు మొప్పలు చూడండి.

వారం గడిచేసరికి అన్నీ మేతకు రావాలి. రాత్రి లైట్ ఆపాక రెండు చోట్ల, ట్యాంక్ రెండు చివర్లలో మేత వేయండి, బలమైనది ఒకచోటే కాపలా కాయలేదు. రెండు వారాలకు రెక్కలు చిరిగినదో, పొట్ట లోపలికి పోయినదో ఉంటే దాన్ని తిరిగి టబ్బులోకి తీసి వారం మేపి, మరో రాత్రి చోట్లు మార్చి వదలండి. అప్పుడూ అదే జరిగితే తీయాల్సింది దెబ్బలు తిన్నదాన్ని కాదు, కొడుతున్నదాన్ని. అది వారం టబ్బులో ఉండి వస్తే ఈసారి కొత్తగా వచ్చినది అదే అవుతుంది.

నెల గడిచాక నైట్రేట్ మళ్లీ చూడండి. చేపలు పెరిగాయి కాబట్టి వారానికి 25 శాతం నీళ్లు మార్చేవాళ్లు 40కి వెళ్లాల్సి రావచ్చు.

కూలీ లోచ్‌లకు ఈ లెక్కలు వర్తించవు. అవి ఇసుకలో దూరి మూడు వారాలైనా కనిపించకపోవచ్చు. లెక్కపెట్టడానికి ఇసుక తవ్వితే ఇంకో మూడు వారాలు కనిపించవు. రాత్రి లైట్ ఆపిన గంటకు ఎర్రటి వెలుతురులో చూడండి.

టబ్బు ఖాళీ అయ్యాక నీళ్లు పారబోసి, పైపు ముక్కలు, గొట్టాలు కడిగి, డాబా మీద రెండు రోజులు కరకరలాడే దాకా ఎండబెట్టండి. తెల్లచుక్కల పురుగు తడి లేకుండా బతకలేదు. స్పాంజ్‌ను మాత్రం ఎండబెట్టకండి. జబ్బేమీ రాకపోతే తిరిగి ట్యాంక్‌లో పెట్టండి, జబ్బు వచ్చి ఉంటే పారేసి, ఇంకోటి ఇప్పుడే ట్యాంక్‌లో వేసి ఉంచండి.